చౌక రీలు చెడ్డ రీలా?

మీ ఇంట్లో అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో తోలు సంచిలో చుట్టిపెట్టిన కెమెరా ఒకటి ఉందేమో వెతికి చూడండి. అది మీ తాతయ్యదో, పెదనాన్నదో అయి ఉంటుంది. వెనుక తలుపు తెరిస్తే అటూ ఇటూ రెండు ఖాళీ గూళ్ళు, మధ్యలో చిన్న కిటికీ కనిపిస్తాయి. అందులో రీలు వేస్తేనే అది పనిచేస్తుంది. ఫోనుతో క్షణంలో ఫోటో తీసే ఈ రోజుల్లో కూడా చాలామంది కుర్రవాళ్ళు ఇలాంటి కెమెరాల దుమ్ము దులుపుతున్నారు. దులిపిన వెంటనే వారికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఏ రీలు కొనాలి?

"ఖరీదైనది కొను. చౌక రీళ్ళలో రంగులు సరిగా రావు" అని సలహా చెప్పేవాళ్ళు మీకు తప్పక తారసపడతారు. ఈ మాట సరైనది కాదని నా అభిప్రాయం. నేర్చుకునేవాడికి చౌక రీలే సరైన రీలు. రంగులు చెడినప్పుడు పదింట తొమ్మిదిసార్లు తప్పు రీలుది కాదు, దాన్ని వాడిన తీరుది అని కూడా నేనంటాను. ఊరికే అంటే మీరు నమ్మనక్కరలేదు. కారణాలు చూద్దాం. ఆ తర్వాత మీరే పరీక్షించి తేల్చుకునే పద్ధతి ఒకటి చెబుతాను.

ముందు డబ్బు సంగతి. రీలు ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. రీలు కొనాలి, కడిగించాలి, స్కాన్ చేయించాలో ప్రింట్లు వేయించాలో చేయాలి. ఈ మూడూ కలిపితేనే అసలు ఖర్చు. లెక్క కోసం 36 చిత్రాల రీలుకు మొత్తం 1,440 రూపాయలు అయిందనుకుందాం. ఒక్కో చిత్రానికి 40 రూపాయలు. 24 చిత్రాల రీలు కొంచెం చౌకగా దొరికి మొత్తం 1,200 రూపాయలే అయిందనుకుందాం. ఒక్కో చిత్రానికి 50 రూపాయలు! చౌకగా కనిపించిన రీలే ఖరీదైనదిగా తేలింది కదూ! కడిగే ఖర్చు రెండింటికీ ఒకటే కావడం వల్ల ఇలా జరుగుతుంది. కాబట్టి ఎప్పుడూ చిత్రం ఒక్కింటికి లెక్క కట్టండి.

ఈ లెక్క మనకు మరీ ముఖ్యం. ఒకప్పుడు ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ అనే ప్రభుత్వ కర్మాగారం ఉండేది. 1960లో స్థాపించిన ఆ సంస్థ 'ఇందు' అనే పేరుతో నలుపు తెలుపు ఫిలిములు, ఎక్స్‌రే ఫిలిములు తయారుచేసింది. ఇప్పుడది మూతబడింది. నేడు మన దుకాణాల్లో దొరికే రంగు రీళ్ళు విదేశాల నుంచి వచ్చేవే. ప్రపంచం మొత్తం మీద రంగు ఫిలిముకు పూత వేయగల కర్మాగారాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే చౌక రీలు అన్నా అది మీ జేబు డబ్బుకు చౌక కాదు. కొనేముందు ఆలోచించాలి.

ఇంతకీ ఆ రీలులో ఏముంది? పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద వెంట్రుక మందం కూడా లేని పూత ఉంటుంది. అందులో మళ్ళీ ఎన్నో పొరలు. ముఖ్యమైనవి మూడు: పైది నీలి కాంతికి, మధ్యది ఆకుపచ్చ కాంతికి, అడుగుది ఎర్ర కాంతికి స్పందిస్తాయి. ప్రతి పొరలోనూ వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. కాంతి తగిలిన స్ఫటికాలు కడిగేటప్పుడు వెండిగా మారతాయి. అలా మారుతున్నచోట పసుపు, ముదురు గులాబి, ఆకాశనీలం రంగులు పుడతాయి. చివరికి వెండినంతా తొలగిస్తారు, రంగులు మాత్రం మిగులుతాయి. 1972లో వచ్చిన సి-41 అనే పద్ధతిలోనే నేటికీ రంగు నెగటివ్‌లను కడుగుతున్నారు. అందులో మొదటి ద్రావణం వేడి 37.8 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, రీలు అందులో 3 నిమిషాల 15 సెకండ్లు ఉండాలి. చౌక రీలయినా, ఖరీదైన రీలయినా ఇదే ద్రావణం, ఇదే వేడి, ఇదే సమయం.

ఇప్పుడు దుకాణంలోకి వెళదాం. కోడక్ కలర్‌ప్లస్ 200, కోడక్ గోల్డ్ 200, కోడక్ అల్ట్రామాక్స్ 400, ఫ్యూజీఫిల్మ్ 200, 400 అన్నవి చౌక తరగతిలో తరచుగా కనిపించే పేర్లు. 2025లో కోడకలర్ అనే పాత పేరుతో 100, 200 రీళ్ళు కూడా మళ్ళీ వచ్చాయి. ఈ అంకెలు రీలు వేగాన్ని చెబుతాయి. 200 కంటే 400 రీలుకు సగం కాంతి చాలు. కానీ ఎక్కువ కాంతిని పట్టడానికి సాధారణంగా పెద్ద స్ఫటికాలు కావాలి. అందువల్ల 400 రీలుతో తీసిన బొమ్మను పెద్దది చేస్తే సన్న ఇసుక చల్లినట్లు రేణువులు కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి.

కలర్‌ప్లస్ రంగులు కాస్త నెమ్మదిగా ఉంటాయి. గోల్డ్ రంగులు పేరుకు తగ్గట్టు కొంచెం పసుపు వైపు మొగ్గి, వెచ్చగా, ముదురుగా ఉంటాయి. అల్ట్రామాక్స్ సాయంత్రాలకూ, ఇంటి లోపలికీ పనికొస్తుంది. ఇక ఫ్యూజీ రీలు కొంటే ఒకసారి డబ్బా తిప్పి చూడండి. ఇటీవలి 200, 400 రీళ్ళ డబ్బాల మీద అమెరికాలో తయారైనట్లు ముద్రించి ఉంటుంది. వాటి సమాచార పత్రాల్లోని గీతలు కోడక్ గోల్డ్, అల్ట్రామాక్స్ గీతలకు ఎంతో దగ్గరగా ఉన్నాయి. అయినా "కోడక్ వెచ్చన, ఫ్యూజీ చల్లన" అని వాదించుకునేవాళ్ళు ఈ కొత్త రీళ్ళ గురించి కూడా అదే పాట పాడుతుంటారు. డబ్బా రంగు చూసి ఫిలిం రంగును ఊహించుకోవడం శాస్త్రీయ దృష్టి కాదు.

వీటన్నిటికీ భిన్నమైనది ఇంకొకటి ఉంది. ఇంగ్లండులోని హార్మన్ సంస్థ నలుపు తెలుపు ఫిలిముకు పేరు పొందింది. అది 2023 డిసెంబరులో ఫీనిక్స్ 200 అనే తన తొలి రంగు రీలును విడుదల చేసింది. ఇది ప్రయోగాత్మకమైనదని తయారీదారులే చెప్పారు. అందులో రేణువులు ఎక్కువ, వెలుగునీడల తేడా తీవ్రం, దీపాల చుట్టూ ఎర్రటి వలయాలు. 2025లో దానికి మెరుగైన రెండవ రూపం కూడా వచ్చింది. కొందరు ఆ మొదటి రీలును "చెడ్డ ఫిలిం" అని తేల్చేశారు. నేను మాత్రం దాన్ని మంచి పాఠ్యపుస్తకం అంటాను. ఎందుకో చూడండి.

మామూలు రంగు నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చూస్తే నారింజ రంగులో ఉంటుంది. అది మరక కాదు, తెలివైన ఏర్పాటు. నెగటివ్‌లో పుట్టే రంగులు పూర్తిగా శుద్ధమైనవి కావు. ముదురు గులాబి రంగు ఆకుపచ్చ కాంతినే ఆపాలి. కానీ అది కొంత నీలి కాంతిని కూడా ఆపేస్తుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికే ఆ నారింజ ముసుగును ముందే పొరల్లో కలుపుతారు. మొదటి ఫీనిక్స్‌లో ఆ ముసుగు లేదు. అలాగే పొరలన్నిటినీ దాటిన కాంతి వెనుక నుంచి తిరిగి పైకి రాకుండా పీల్చుకునే పొర మామూలు రీళ్ళలో బలంగా ఉంటుంది. అది బలహీనంగా ఉంటే తిరిగి వచ్చిన కాంతి మొదట తాకేది అడుగున ఉన్న ఎర్ర పొరనే. అందుకే వలయాలు ఎర్రగా ఉంటాయి. చూశారా! మనం "చౌక" అని చప్పరించే కలర్‌ప్లస్‌లో ఈ ఏర్పాట్లన్నీ ఉన్నాయి. దశాబ్దాల రసాయన శాస్త్రం ఆ చిన్న డబ్బాలో చుట్టి ఉంది.

మరి ఖరీదైన రీలు దేనికి? పోర్ట్రా 400 వంటి వృత్తి నిపుణుల రీళ్ళలో రేణువులు సన్నగా ఉంటాయి, చర్మపు రంగులు మృదువుగా వస్తాయి. పెళ్ళి ఫోటోలు తీసి, గోడంత ప్రింట్లు వేసే వారికి ఆ తేడా విలువైనదే. కానీ 4 అంగుళాలకు 6 అంగుళాల ప్రింటులో ఆ తేడాను గుర్తుపట్టడం అంత సులభం కాదు. నేర్చుకునేవాడు ఒక ఖరీదైన రీలు బదులు రెండు చౌక రీళ్ళు కొంటే 36 బదులు 72 సార్లు ఆలోచించి మీట నొక్కుతాడు. చేయి తిరగడానికి పనికొచ్చేది ఆ రెండవ 36.

అయితే స్నేహితుల ఫోటోలు పక్కపక్కన పెడితే ఇంత తేడా ఎందుకు కనిపిస్తుంది? మొదటి కారణం కాంతి. రంగు నెగటివ్ కాంతి ఎక్కువైతే సర్దుకుంటుంది, తక్కువైతే సర్దుకోలేదు. కాంతి చాలని చిత్రంలో నీడలు బురదలా మారతాయి, రేణువులు లేస్తాయి, రంగులు తప్పుతాయి. అనుమానం వచ్చినప్పుడు ఒక మెట్టు ఎక్కువ కాంతి ఇవ్వడమే మంచిది. మన ఎండకు ఒక పాత సూత్రం బాగా సరిపోతుంది: నిండు ఎండలో ఎపర్చరును 16 దగ్గర ఉంచితే షట్టరు వేగం సుమారుగా రీలు అంకెకు సమానంగా ఉండాలి. 200 రీలుకు సెకండులో 200వ వంతు, అంటే కెమెరా మీద 250 అన్న గుర్తు. ఒక మెట్టు ఎక్కువ ఇవ్వాలంటే 125.

రెండవ కారణం స్కానింగ్. నెగటివ్‌ను తిరగేసి అసలు రంగులు తెచ్చేటప్పుడు ఎంత పసుపు, ఎంత నీలం అన్నది యంత్రమో, దాని ముందు కూర్చున్నవారో నిర్ణయిస్తారు. ఒకే నెగటివ్‌ను రెండు చోట్ల స్కాన్ చేయిస్తే రెండు రకాల రంగులు రావచ్చు. అప్పుడు మీరు పోల్చింది రీళ్ళనా, స్కానర్లనా?

మూడవ కారణం వేడి. వాడని రీలును 21 డిగ్రీలు దాటని చోట ఉంచమని కోడక్ సూచిస్తుంది. మే నెలలో రెంటచింతలలో ఎండలో నిలిపిన కారులో రీలును వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి. గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయిన తర్వాతనే మూత తెరవండి. లేకపోతే ఫిలిం మీద తేమ చేరుతుంది. గడువు దాటిన రీలు సగం ధరకు వస్తుందని ఆశపడకండి. అది ఎన్ని వేసవులు ఎక్కడ గడిపిందో దుకాణదారుకు కూడా తెలియదు.

ఇక పరీక్ష. మీ సైన్సు క్లబ్బులో నలుగురైదుగురు కలిసి డబ్బు వేసుకోండి. మూడు రీళ్ళు కొనండి: ఒక రకానివి రెండు, వేరే రకానిది ఒకటి. ఒకే రకానివి రెండెందుకు అంటారా? కారణం చివర చెబుతాను.

ఒకే కెమెరా వాడండి. ఒక బల్ల మీద తెల్ల గుడ్డ, పలక, పండుమిర్చి, పసుపు కొమ్ము, జామ ఆకు పెట్టి, పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టండి. మబ్బులేని రోజు ఎంచుకోండి. మొదటి రీలును ముందే మామూలుగా వాడుకుంటూ చివరి 6 చిత్రాలు దీనికి మిగల్చండి. సరైన కాంతితో ఒకటి, ఒకటి, రెండు, మూడు మెట్లు ఎక్కువతో మూడు, ఒకటి, రెండు మెట్లు తక్కువతో రెండు తీయండి. వెంటనే రెండవ రీలు వేసి అవే 6 చిత్రాలు తీయండి. మూడవ దానికోసం రెండవదాన్ని వృథా చేయకండి. అది విహారయాత్రలో అయిపోయాక, అలాంటి ఎండ ఉన్న మరో రోజు అదే వేళకు మూడవదానితో తీయండి. ప్రతి చిత్రంలోనూ పలక మీద సంఖ్య వేయడం మరువకండి. మూడు రీళ్ళనూ ఒకే చోట, ఒకే రోజు కడిగించండి. స్కాన్ చేసేటప్పుడు అన్నింటికీ ఒకే అమరిక ఉంచమని చెప్పండి.

ప్రింట్లు వచ్చాక రీలు పేర్లు తెలియని వాళ్ళకు, మీ మాస్టారికో మీ అమ్మకో, కలిపేసి ఇవ్వండి. ఏవి ఒకే రీలువో విడదీయమనండి. ఒకే రకం రెండు రీళ్ళ మధ్య కూడా తేడా కనిపిస్తే, ఆ తేడా ఫిలిం రకం వల్ల వచ్చింది కాదన్నమాట. అంతకు మించిన తేడా కనిపించినప్పుడే "ఈ రకం వేరు, ఆ రకం వేరు" అనే హక్కు మనకుంటుంది. రెండవ రీలు కొన్న కారణం ఇదే.

మొదటి రీలు ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పమంటే, ఎక్కువగా ఆరుబయట తీసేవారు 200 వేగం గల రీళ్ళలో గడువు దాటనిది, చిత్రం ఒక్కింటికి తక్కువ పడేది తీసుకోండి. పేరు ఏదైనా ఫరవాలేదు. ఒక ఏడాది దాన్నే వాడండి. ఏ ఎండలో అది ఎలా స్పందిస్తుందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత ఎవరైనా "చౌక రీలు రంగులు చెడగొడుతుంది" అంటే, వాదించకండి. మీ ఆరు చిత్రాల వరుస తీసి చూపించండి. ఒకవేళ మీ వరుస నా అభిప్రాయానికి ఎదురు చెబితే, నమ్మవలసింది మీ వరుసనే.