అతిథికి అంబలి పోయడానికి సిగ్గెందుకు?

మా గండిమైసమ్మ ప్రాంతానికి దూరదేశపు అతిథి ఎవరు వచ్చినా మనవారు తినిపించేది ఒక్కటే, బిర్యానీ. 2019లో యునెస్కో హైదరాబాదును గ్యాస్ట్రానమీ విభాగంలో సృజనాత్మక నగరాల సరసన చేర్చింది. ఆ గౌరవమంతా బిర్యానీదే అన్నట్లున్నది మన ధోరణి! బిర్యానీతో నాకు వైరం లేదు, అదీ మనదే. ఒకదానిని సింహాసనమెక్కించి తక్కినవాటిని వంటింట్లో దాచడమే నా అభ్యంతరం.

దాస్తున్నవేమిటి? జొన్నరొట్టె, గటక, అంబలి, సకినాలు, సర్వపిండి. సర్వ అడుగున పిండి అద్ది కాల్చేది గనుక అది సర్వపిండి. ఆ వంట మానితే ఆ మాటకూ నూకలు చెల్లినట్లే. తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి, నా బాధ అదీ.

బల్గేరియా వారిని చూడండి. చిరుధాన్యాలతోనో గోధుమతోనో పులియబెట్టిన 'బోజా'ను, జున్ను పొరల 'బనిత్సా'తో కలిపి ఉదయపు ఫలహారంగా పుచ్చుకుంటారు. యాత్రికులకు సగర్వంగా రుచి చూపిస్తారు. మన అంబలికి అది దూరపు చుట్టం. వారికి లేని సిగ్గు మనకెందుకు?

జొన్న పేదవాని తిండి అన్న చిన్నచూపే కారణం. అదే జొన్నను 'మిల్లెట్స్' అని పొట్లం కట్టి అమ్మితే అడిగినంత ఇచ్చి కొంటాము. పేరు మారితేనే గౌరవమా?

'బోనం' అన్నది 'భోజనం' నుండి పుట్టిన మాట. ఆషాఢంలో మైసమ్మకు తలకెత్తుకొని తీసుకువెళ్ళేది మన ఇంట వండిన అన్నమే కదా! అమ్మవారికి పెట్టడానికి పనికివచ్చిన ఇంటివంట అతిథికి పనికిరాదా?

అయ్యలారా, అమ్మలారా! ఈసారి చుట్టం వస్తే పార్సిలు తెప్పించకండి. పెనం పొయ్యిమీద పెట్టండి.