వేగమొక్కటే హేతువు కాదు

సంపాదక మహాశయా,

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో క్రొత్తగా మోటారుసైకిలు నేర్చు యువకుల ప్రమాదములకు వేగోన్మాదమే ఏకైకహేతువని గత సంచికలో ఒక పాఠకమిత్రులు నిర్ణయించిరి. వారి ఆవేదన గౌరవింపదగినదే. ఆ నిర్ణయముతో మాత్రము ఏకీభవింపజాలను. హిందూపురము నుండి పెనుకొండకు పోవుచు 44వ జాతీయరహదారి నెక్కిన నూతన చోదకుడు, బెంగళూరు హైదరాబాదుల నడుమ పరుగిడు లారీల సరసన ఎంత మందగమనమున సాగుచున్నను, ముందుబ్రేకు పట్టిన బండి బోల్తాపడునను అపోహచే వెనుకబ్రేకునే నమ్ముకొనెనేని, ఆపద్వేళ ఆగవలసినచోట ఆగజాలడు. బండిని నిలుపు శక్తిలో అధికభాగము ముందుచక్రమునదేయని వానికి బోధించినవారెవరు? ఇక పల్లెదారులలో నూర్పిడికై పరచిన ఉలవకట్టెపై ఏ బ్రేకైనను అపాయమే.

అభ్యాసకుని లైసెన్సు పొందిన 30 దినముల పిదపగాని శాశ్వత లైసెన్సుకు అర్హత కలుగదు. ఆ అభ్యాసకాలమున శిక్షకుని దక్క అన్యుని వెనుక నెక్కించుకొనరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు శాసించుచున్నవి. మనయూళ్లలోనో, ముగ్గురెక్కుటయే పరిపాటి! కావున తలిదండ్రులు ఐ.ఎస్.ఐ. ముద్రగల హెల్మెట్టు కొనియిచ్చి, నిర్జనమైన మైదానమున రెండు బ్రేకులను మృదువుగా కలిపి పట్టుట అభ్యసింపజేసిన పిమ్మటనే బిడ్డలను రహదారికి పంపవలసినదిగా ప్రార్థించుచున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హిందూపురం