తాతల నాటి వెండి రూపాయలు: కరిగించే ముందు కొంత ఆలోచన

2025లో వెండి ధర పరుగులు తీసింది. ఆ ఏడాది అక్టోబరులో అంతర్జాతీయ విపణిలో ఔన్సు ధర 50 డాలర్లు దాటి, 1980 జనవరి నాటి గరిష్ఠ స్థాయిని అధిగమించింది. డిసెంబరు నాటికి మన దేశంలో కిలో వెండి రెండు లక్షల రూపాయల గీతను దాటింది. దీని ప్రభావం నగరాల్లోని మదుపుదారులకే పరిమితం కాలేదు. తరతరాలుగా మన ఇళ్లలో పెట్టెల అడుగున, లక్ష్మీపూజ పళ్లెంలో, అవ్వల మొలసంచుల్లో భద్రంగా ఉన్న విక్టోరియా రాణి, జార్జి చక్రవర్తి బొమ్మల రూపాయలపై కూడా అందరి దృష్టి పడింది. కూతురి పెళ్లికో, బోరుబావికో, ఆసుపత్రి ఖర్చుకో వాటిని కంసాలి త్రాసులో వేయాలన్న తలంపు కలగడం సహజం. అవసరం ఎవరికైనా అవసరమే. అయితే త్రాసులో వేసే ముందు ఆ నాణెం ఏమిటో తెలుసుకోకపోతే నష్టపోయేది మనమే. తెలియక అమ్మినవారు ఒక విధంగా, దురాశతో దాచినవారు మరొక విధంగా మోసపోతున్న కాలమిది.

రూపాయిలో వెండి ఎంత?

1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నింటికీ ఒకే తీరు రూపాయిని నిర్ణయించింది. బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. నాల్గవ విలియం రాజు బొమ్మతో మొదలైన ఈ ప్రమాణం విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి కాలమంతా చెక్కుచెదరలేదు. ఆ లెక్కన ఒక్కొక్క రూపాయిలో సుమారు 10.69 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటుంది. కిలో రెండు లక్షలుగా ఉన్న రోజున దాని లోహపు విలువ 2,138 రూపాయలు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, వెండిని సగానికి తగ్గించారు. ఆరవ జార్జి బొమ్మతో 1940 నుండి 1945 వరకు వచ్చిన రూపాయిలో వెండి 5.83 గ్రాములు మాత్రమే. పులి బొమ్మతో వచ్చిన 1947 రూపాయిలో వెండి అసలు లేదు. అది నికెల్ నాణెం, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఈ మూడింటినీ ఒకే గుడ్డలో మూటగట్టి "పాత వెండి రూపాయలు" అని అమ్మేవారు, కొనేవారు కూడా ఉన్నారు. సంవత్సరం చదవడం వస్తే చాలు, ఈ పొరపాటు జరగదు.

నాందేడ్, రాయచూరు, బీదరు ప్రాంతాల తెలుగు కుటుంబాల వద్ద నిజాం హాలీ సిక్కా రూపాయలు ఉండవచ్చు. వాటి బరువు 11.18 గ్రాములు, వెండి వెయ్యికి 818 పాళ్లు. ఆనాడు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు మారకంగా ఉండేవి. తూకంలో ఈ తేడా నేటికీ వర్తిస్తుంది.

ఏది అరుదు? ఏది సామాన్యం?

నాణెం పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. దీనికి 1918 రూపాయి చక్కని ఉదాహరణ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ వెండికి తీవ్రమైన కొరత ఏర్పడగా, అమెరికా పిట్‌మన్ చట్టం కింద తన వెండి డాలర్లను 25 కోట్లకు పైగా కరిగించి ఆ వెండిని అమ్మింది. దానితో ఇక్కడి టంకశాలలు రాత్రింబవళ్లు పనిచేశాయి. ఆ ఒక్క సంవత్సరపు రూపాయలే 40 కోట్లకు పైగా ముద్రితమయ్యాయి. అందుచేత నూరేళ్లు దాటినా 1918 రూపాయికి సాధారణంగా వెండి ధరను మించి పెద్దగా పలకదు.

దీనికి భిన్నమైనది 1911 రూపాయి. అయిదవ జార్జి ధరించిన హారంలోని ఏనుగు బొమ్మ పందిలా కనబడుతున్నదని జనంలో అలజడి రేగింది. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కు తీసుకుని అధికభాగం కరిగించి, 1912లో ఏనుగును స్పష్టంగా దిద్ది మళ్లీ ముద్రించింది. "పంది రూపాయి"గా పేరుపడిన ఆ 1911 నాణేనికి నేటికీ సేకరణకర్తలలో ఆదరణ ఉంది. అదేవిధంగా 1939 రూపాయి చాలా అరుదు. అరుదు గనుకనే దానికి నకిలీలూ ఎక్కువ.

మన తెలుగువారు ప్రత్యేకంగా గుర్తించవలసిన నాణేలు కొన్ని ఉన్నాయి. 1807-08 ప్రాంతంలో మద్రాసు టంకశాల వెలువరించిన అర వరహా, పావు వరహా వెండి నాణేలపై ఒకవైపు గోపురం, మరొకవైపు విష్ణుమూర్తి ఉంటాయి. వాటిపై ఇంగ్లీషు, పారశీ భాషలతో పాటు తమిళ, తెలుగు అక్షరాలు ఉన్నాయి. ఆ కాలపు రాగి డబ్బులపైనా తెలుగు కనిపిస్తుంది. సొమ్ముకు మనం నేటికీ వాడే "డబ్బు" అనే మాట ఆ నాణెం పేరే. ఏడవ ఎడ్వర్డు కాలంలో వచ్చిన అంచు వంకీల అణా కాసుపై కూడా దాని విలువ తెలుగులో ఉంది. అణాకు పెద్ద ధర రాదు. కాని హోసూరులోనో, బళ్లారిలోనో, పర్లాకిమిడిలోనో కన్నడ, తమిళ, ఒడియా బడులలో చదువుకునే మన పిల్లలకు, తమ లిపి ఒకనాడు సర్కారు నాణెంపై ఉండేదని చూపడానికి అంతకు మించిన పాఠం లేదు.

ధర ఎందుకు నిలకడగా ఉండదు?

ఇక్కడ రెండు వేర్వేరు విపణులు ఉన్నాయి. సామాన్యమైన నాణెం ధర వెండిని అంటిపెట్టుకుని నడుస్తుంది. అరుదైన నాణెం ధర సేకరణకర్తల సంఖ్యను, వారి చేతిలోని సొమ్మును బట్టి నడుస్తుంది. మొదటిది ప్రపంచ పరిణామాలకు ఊగిసలాడుతుంది. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దరిదాపుల్లో ఉన్న వెండి మార్చి నెలాఖరుకు 11 డాలర్లకు పడిపోయింది. 2011 ఏప్రిల్‌లో మళ్లీ ఆ శిఖరాన్ని సమీపించి, 2015 చివరికి 14 డాలర్ల లోపుకు జారింది. ఎక్కిన ధర దిగదని నమ్మి అప్పు చేసి రూపాయలు కొని దాచేవారు ఈ చరిత్రను మరువరాదు.

రెండవ విపణి మరింత ఇరుకైనది. బెంగళూరు, చెన్నై, ముంబయి నగరాల వేలంపాటల్లో ఇద్దరు ధనవంతులు పోటీపడితే ఒక నాణెం ధర ఆకాశాన్నంటుతుంది. మరుసటి పాటలో ఆ ఇద్దరిలో ఒకరు లేకపోతే అదే నాణెం సగానికి పోవచ్చు. పైగా వేలం నిర్వాహకుల రుసుము ఉంటుంది. వర్తకుడు కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య పెద్ద అంతరం ఉంటుంది. లండనులోనో, న్యూయార్కులోనో పలికిన ధర వార్తల్లో చదివి మన పెట్టెలోని నాణేనికి అదే వస్తుందనుకోవడం భ్రమ. నూరేళ్లు నిండిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం చట్టవిరుద్ధం గనుక, మన నాణేనికి కొనుగోలుదారుడు దేశంలోనే దొరకాలి.

నాణెం స్థితి కూడా ధరను శాసిస్తుంది. పండుగ నాడు చింతపండుతో, బూడిదతో తోమి మెరిపించిన రూపాయి పూజకు శోభే కావచ్చు, సేకరణకర్త దృష్టిలో అది విలువ కోల్పోయిన నాణెం. హారానికని కొక్కెం అతికించిన రూపాయి, కాసులపేరులో చేరిన సవరను కూడా అంతే. 7.98 గ్రాముల సవరను నుండే "కాసు బంగారం" ఎనిమిది గ్రాములన్న మన వాడుక వచ్చింది. 1918లో బొంబాయిలో ముద్రితమై, చిన్న "ఐ" అక్షరం గుర్తుగా గల సవరనుకు ప్రత్యేకత ఉంది. కాసులపేరు చెరిపించే ముందు ఆ గుర్తు కోసం ఒకసారి భూతద్దంతో చూడడం మంచిది.

మోసాల తీరు

సీతారామలక్ష్మణులు, హనుమంతుడు గల రాగి బిళ్లలపై ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 వంటి సంవత్సరం ఉండి, "కోట్లు పలికే నాణెం" అంటూ ఊరూరా తిరిగేవారు ఉన్నారు. కంపెనీ అటువంటి అణాలను ఏనాడూ ముద్రించలేదు. అవి తీర్థక్షేత్రాల్లో అమ్మే బిళ్లల వంటివి. మద్రాసు వరహాలపై దేవతామూర్తులు ఉన్న మాట నిజమే గాని, వాటికీ వీటికీ సంబంధం లేదు. బియ్యపు గింజలను ఆకర్షించే శక్తి పాత రాగికి ఉందని చెప్పే "రైస్ పుల్లింగ్" ముఠాలు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లో ఎన్ని కుటుంబాలను ముంచాయో పోలీసు కేసులే చెబుతాయి. రాగికి అటువంటి గుణం ఏదీ లేదు.

మీ నాణెం లక్షలకు కొంటామని చెప్పి, ముందుగా రుసుము, కమిషను, పన్ను కట్టమని అడిగేవారు మరొక తెగ. వీరు రిజర్వు బ్యాంకు పేరు, చిహ్నం సైతం వాడుకుంటున్నారు. తాము ఇటువంటి వ్యవహారాల్లో ఎన్నడూ పాల్గొనబోమని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న బహిరంగంగా హెచ్చరించింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి. అమ్మేవాణ్ణి ముందు డబ్బు అడిగేవాడు కొనుగోలుదారుడు కాడు.

చట్టం ఏమంటుంది?

వారసత్వంగా వచ్చిన నాణేలను ఇంట ఉంచుకోవడం నేరం కాదు. పొలం దున్నుతుండగానో, పునాది తీస్తుండగానో దొరికిన బిందె సంగతి వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. కర్ణాటకకు 1962 నాటి సొంత చట్టం ఉంది. హక్కుదారు తేలని పక్షంలో, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవానికి మూడు పాళ్లు, స్థలం యజమానికి ఒక పాలు అని 1878 చట్టం చెబుతోంది. ప్రభుత్వమే తీసుకుంటే లోహపు విలువపై అయిదవ వంతు అదనంగా చెల్లించాలి. దాచిపెట్టి పట్టుబడితే వాటా పోవడమే కాక జైలుశిక్ష కూడా పడవచ్చు. రాత్రికి రాత్రి పొరుగు రాష్ట్రపు కంసాలికి చేరవేస్తే సరిపోతుందన్న సరిహద్దు గ్రామాల పాత నమ్మకం ఎవరినీ కాపాడదు.

1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. ఈ గీత ఏటా ముందుకు జరుగుతుంది. 1920 రూపాయి 2020లోనే ఆ గీత దాటింది. విదేశాల్లోని బంధువులకు కానుకగా పంపేవారు దీన్ని గమనించాలి.

కర్తవ్యం

ముందుగా ఇంట ఉన్న నాణేలను సంవత్సరాల వారీగా వేరుచేసి ఒక కాగితంపై రాసుకోవాలి. తోమరాదు. ఇంటి త్రాసులో తూచి, అయస్కాంతంతో పరీక్షించాలి. 1911, 1939 వంటివి, తెలుగు అక్షరాలు గలవి పక్కన పెట్టాలి. వాటిని ఒక్కరికే కాక ఇద్దరు ముగ్గురు వర్తకులకు చూపి, చెన్నై ఎగ్మూరు మ్యూజియం వంటి చోట్ల ఉన్న నమూనాలతో పోల్చి చూసుకున్న పిమ్మటే ధర మాట్లాడాలి. మిగిలిన సామాన్య నాణేలను అవసరానికి అమ్ముకోవడంలో తప్పు లేదు. ఆనాటి వెండి ధరను గ్రాములతో హెచ్చవేసి, తరుగు ఎంతో ముందే అడిగి అమ్ముకోవాలి.

ఒక్క మాట మాత్రం మరువరాదు. అమ్మిన వెండి మళ్లీ కొనవచ్చు. మూసలో కరిగిన తెలుగు అక్షరాల నాణెం మళ్లీ పుట్టదు. కనీసం ఒక్క నాణేన్నైనా, అది ఎవరి కష్టార్జితమో, ఏ ఊరినుండి వచ్చిందో చీటీ రాసి పిల్లలకు అప్పగించడం ప్రతి కుటుంబమూ చేయదగిన పని.