ముల్లు పోయి అంకెలు వచ్చిన వేళ

పెర్త్ నగరవాసులు తినే కూరగాయలలో, పండ్లలో చాలా భాగం కానింగ్ వేల్‌లోని టోకు మార్కెట్టు మీదుగానే వస్తుంది. అటువంటి చోట శీతల గదులు చల్లగా ఉండాలంటే కంప్రెసర్ యంత్రాలలో వాయువు పీడనం ఎంత ఉన్నదో అనుక్షణం తెలుస్తూ ఉండాలి. ఆ సంగతి తెలిపేది ప్రెషర్ సెన్సర్. నేడు పరిశ్రమలన్నింటా పాత అనలాగ్ సెన్సర్ల స్థానంలో డిజిటల్ సెన్సర్లు వస్తున్నాయి. ఈ మార్పు ఆహ్వానించదగినదే. అయితే దీనికి సాధారణంగా చెప్పే కారణం, అనగా దశాంశ బిందువు తర్వాత మరి రెండు అంకెలు కనిపించడం, ఉన్న కారణాలన్నింటిలో అల్పమైనది.

అనలాగ్ పద్ధతిని చులకనగా చూడనవసరం లేదు. పీడనానికి ఒక పలుచని లోహపు పొర వంగుతుంది. ఆ వంపును బట్టి తీగలో 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల వరకు విద్యుత్తు ప్రవహిస్తుంది. సున్నాతో మొదలు పెట్టక 4తో ఎందుకు మొదలు పెట్టారు? పీడనం ఏమీ లేనప్పుడు కూడా 4 వస్తుంది కనుక, సున్నా వచ్చినదంటే తీగ తెగినదని అర్థం. ‘ఏమీ లేదు’ అనడానికీ, ‘నాకు తెలియదు’ అనడానికీ గల భేదాన్ని ఒక్క అంకెతో తేల్చిన ఆ ఇంజనీర్ల తెలివి మెచ్చుకోదగినది.

డిజిటల్ సెన్సర్ ఈ తెలివినే మరింత ముందుకు తీసుకొనిపోయింది. 1980లలో రూపొందిన హార్ట్ పద్ధతిలో, ఆ పాత తీగ మీదనే, పాత సంకేతానికి భంగం కలుగకుండా, సెన్సర్ తన స్థితిగతులను కూడా చెప్పుకోగలదు: లోపల వేడి ఎంత ఉన్నది, కొలత పరిధి దాటినదా, తనలో ఏదైనా లోపం ఏర్పడినదా అని. ఇంతటి పరికరాన్ని కొని, దాని నుండి పాత 4–20 సంకేతం ఒక్కటే తీసుకొని తక్కిన మాటలు వినకపోవడం పట్టుచీర కొని బీరువాలో దాచడం వంటిదే.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ కర్మాగారంలో ఏమి జరిగినదో గుర్తు చేసుకోవాలి. 10 గంటల 20 నిమిషాలకు విషరసాయనపు ట్యాంకులో పీడనం చదరపు అంగుళానికి 2 పౌనులు. ఆ తర్వాత షిఫ్టు మారినది. 11 గంటలకు 10 పౌనులు. కొత్త షిఫ్టువారికి 10 అసహజమనిపించలేదు, ఏలననగా 2 నుండి 25 వరకు మామూలే. ముల్లు అబద్ధం చెప్పలేదు. కాని నలభై నిమిషాలలో పీడనం ఐదు రెట్లయినదని ముల్లు చెప్పలేదు; దానికి జ్ఞాపకం లేదు. అక్కడి మీటర్ల మీద పనివారికి నమ్మకం కూడా సడలిపోయి ఉండినది. కొలతలను వరుసగా గుర్తుంచుకొని, పెరిగే వేగాన్ని బట్టి హెచ్చరించే ఏర్పాటు విలువ ఏమిటో ఆ రాత్రి చెబుతుంది. డిజిటల్‌ను కోరుకోవడానికి ఇదే అసలైన కారణం.

అట్లని అంకెలు కనిపించగానే నిశ్చింత పనికిరాదు. 2020 మే 7న విశాఖపట్నం వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచేవారని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చినది. పైభాగం వేడెక్కుతుంటే అడుగునున్న పరికరం ఎంత సూక్ష్మమైనదైనా ఏమి చేయగలదు? ఇంట్లో రక్తపోటు చూసుకొనే యంత్రం సంగతీ ఇంతే. చేయి గుండె మట్టానికి దిగువన వ్రేలాడుతూ ఉంటే అది తప్పు సంఖ్యనే స్పష్టంగా, పెద్ద అక్షరాలలో చూపుతుంది. కర్మాగారంలో సెన్సర్‌కు దారితీసే సన్నని గొట్టం మట్టితోనో గడ్డకట్టిన ద్రవంతోనో పూడుకొనిపోతే, నిన్నటి పీడనమే నేడూ తెరపై వెలుగుతూ ఉండవచ్చు.

పూర్వం అనుమానం వస్తే ఆపరేటరు మీటరు దగ్గరకు నడిచి వెళ్ళి, అద్దం మీద వ్రేలితో తట్టి చూసేవాడు. నేడు ఆ నడక లేదు. రియో టింటో సంస్థ 2010లో పెర్త్‌లో ప్రారంభించిన కేంద్రం నుండి సుమారు 1500 కిలోమీటర్ల దూరంలోని పిల్బరా ఇనుప గనుల పనిని పర్యవేక్షిస్తున్నారు. ఇంత దూరం నుండి చూసేవారికి అంకె ఒక్కటే ఇస్తే చాలదు. సెన్సర్ తన గురించి తాను చెప్పే మాట ఆ అంకె పక్కనే, అదే తెర మీద కనిపించాలి. యంత్రం దగ్గర పనిచేసేవారి కోసం, కరెంటు లేకున్నా పనిచేసే ముల్లు మీటరు ఒకటి అక్కడే ఉంచాలి. కొత్త సెన్సర్ ధరతో పోలిస్తే దాని ఖరీదు ఏపాటి?