సాయంసంధ్యవేళ ఆ పిల్లవాని చేయి పట్టినవారెవరు?

విజయవాడ నుండి హైదరాబాదు వైపు 65వ జాతీయ రహదారిపై సాగే ప్రయాణికునికి కంచికచర్ల చేరకముందే పరిటాల ఆంజనేయుడు దర్శనమిస్తాడు. 2003లో ప్రతిష్ఠితమైన ఆ విగ్రహం ఎత్తు 135 అడుగులు. బస్సులోని వారు కిటికీలోనుండే చేతులు జోడిస్తారు, కొందరు దిగి టెంకాయ కొడతారు. ఆ మహాకాయుని చూపు ఎంత దూరం ప్రసరిస్తుందో గాని, ఆ చుట్టుపక్కల పేటలలో సాయంకాలం ఐదు మొదలు ఎనిమిది వరకు పిల్లలు ఏమి చేస్తున్నారన్నది మాత్రం దారిన పోయే భక్తులకు కనబడదు. తల్లి మిరపకోతకో, పత్తి తీతకో వెళ్ళి ఉంటుంది. తండ్రి రాతి క్వారీలోనో, క్రషర్ల వద్దనో ఉంటాడు. బడి వదలిన వేళకూ, ఇంట పొయ్యి రాజిన వేళకూ నడుమ రెండు మూడు గంటల కాలం ఆ బాలునికి దిక్కు లేని కాలం.

ఆ కాలాన్ని గుర్తించిన సంస్థ ఆ పేటలో ఒక్కటే ఉన్నది. అది చర్చి.

రేకుల కప్పు మందిరంలో చాపలు పరచి పిల్లలను కూర్చోబెడతారు. ఎక్కాలు చెప్పిస్తారు, చేతులు ఊపుతూ పాటలు పాడిస్తారు, బిస్కెట్లు పంచుతారు. ఆదివారం సండే స్కూలు, వేసవి సెలవులలో వీబీఎస్, క్రిస్మస్‌కు నాటకం, వాక్యాలు కంఠస్థం చేసిన వారికి బహుమతి. పాస్టరు గారి భార్యకు ప్రతి పిల్లవాని పేరూ తెలిసి ఉంటుంది. ఎవరికి జ్వరమో, ఎవరు బడి మానివేశారో, ఎవరి నాన్న తాగి వచ్చి కొట్టాడో ఆమెకు తెలుస్తుంది. దీనిపై హిందూ సమాజంలో వినవచ్చే అభియోగం ఒక్కటే: బిస్కెట్టు చూపి బిడ్డలను మతం మారుస్తున్నారని. అభియోగంలో సత్యాంశం లేదని చెప్పడం అసత్యమే అవుతుంది. అయితే ఆ వాక్యం పలికే నాలుక ఆ బాలుని పేరు ఎరుగుదునని చెప్పగలదా అన్నది ముందు తేలవలసిన ప్రశ్న.

ఈ సేవారూపం ఎక్కడ పుట్టినదో తెలిస్తే విచారణకు కొంత స్పష్టత వస్తుంది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు ఆదివారపు బడిని ఆరంభించాడు. గుండుసూదుల కార్ఖానాలలో వారమంతా పనిచేసే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే విరామదినం. ఆ దినాన వారు వీధులలో తిరుగుతుంటే పెద్దలు విసుక్కున్నారు, ఆయన మాత్రం అక్షరం నేర్పించాడు. బైబిలు చదవడం కోసమే అక్షరం అన్నది నిజమే, కాని అక్షరం ఒకసారి వచ్చిన తరువాత బైబిలు దగ్గరే ఆగదు. వేసవి బైబిలు బడి కథ కూడా ఇటువంటిదే. 1898లో న్యూయార్కు తూర్పు పేటల ఇరుకు వీధులలో శ్రీమతి హాస్ అనే మహిళ, సెలవులలో దిక్కులేక తిరిగే వలసకూలీల పిల్లల కోసం ఒక బీరు దుకాణపు హాలును అద్దెకు తీసుకొని తరగతులు నడిపింది. నేడు కృష్ణా తీరపు పల్లెలో మే నెల ఎండలో కాగితపు టోపీలు పెట్టుకొని ఊరేగే బాలలకు ఆ బీరు దుకాణం సంగతి తెలియదు. తల్లిదండ్రులు పనికి పోయినపుడు వీధిలో మిగిలిపోయిన బిడ్డ అనే వాస్తవం మాత్రం మూడు చోట్లా ఒక్కటే.

ఈ ప్రాంతానికి ఆ ధార ఎలా వచ్చినదన్నది ఇంకా ఆలోచింపదగిన వృత్తాంతం. మచిలీపట్నంలో 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ దిగారు. నోబుల్ అగ్రవర్ణ బాలురకు ఆంగ్లవిద్య చెబితే ఆ మార్గాన తెలుగుదేశం క్రైస్తవమవుతుందని విశ్వసించాడు. అది జరగలేదు. పంతుళ్ళ బిడ్డలు ఆంగ్లం నేర్చి ఉద్యోగాలకు వెళ్ళారు. కదలిక వేరొక దిక్కు నుండి వచ్చింది. నందిగామ ప్రాంతపు రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండేవాడు. యౌవనంలో దుడుకు మనిషి. నడివయసులో విగ్రహారాధనపై విశ్వాసం సడలి, సృష్టికంతటికీ ఒక్కడే కర్త ఉండాలన్న తలంపుతో, పేరు తెలియని ఆ దైవాన్ని తనకు కనబడమని ఏళ్ళ తరబడి ప్రార్థించాడు. 1859లో బెజవాడలోని మిషనరీ టి. వై. డార్లింగును కలిశాడు. కృష్ణా మండలంలో మాలపల్లెలు క్రైస్తవం వైపు నడవడానికి అది నాంది.

వెంకయ్య హృదయంలో పుట్టిన ఆ ఆరాటానికి వేదాంతంలో జిజ్ఞాస అని పేరు. బ్రహ్మసూత్రాల ప్రథమ పదాలలోనే అది కనబడుతుంది. సాధనచతుష్టయంలో ముముక్షుత్వం దుర్లభమని ఆచార్యులు పదే పదే చెబుతారు. అంతటి దుర్లభవస్తువు రాఘవాపురం మాలపల్లెలో తనంత తానుగా మొలకెత్తితే, దానికి నీరు పోయడానికి ఆ తాలూకాలోని ఒక్క అగ్రహారం నుండీ ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళినవాడు, తెలుగు పలుకుబడి ప్రయాసతో నేర్చుకున్న ఒక పరదేశీయుడు. అతని వెంట ఉపదేశులు వెళ్ళారు. పగలు కూలికి పోయే వారికి రాత్రి బడి పెట్టారు. మతాంతరీకరణను గురించి ఈనాడు సాగే చర్చలలో అధికభాగం ఈ ఒక్క సంఘటనను దాటవేసి మొదలవుతుంది.

తరువాతి చరిత్ర అంతకంటె కఠినమైనది. 1968 ఫిబ్రవరిలో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకునిపై పాత్రల దొంగతనం నెపం మోపి, కట్టివేసి, కిరోసిన్ పోసి సజీవదహనం చేశారు. దేశమంతా ఆ ఊరి పేరు విన్నది ఆనాడే. అదే ఊరిలో జన్మించిన కవి కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ అన్న కవితలో ఆ పేరును శాశ్వతం చేశాడు. సర్వభూతములయందును ఒకే ఆత్మ ఉన్నదని ప్రవచనాలు వినిపించే గడ్డపైననే ఇది జరిగింది. ఆ మంటను చూచిన తరం వారు నేడు పేటలలో తాతలు. తమ మనుమలు ఏ గుమ్మంలో అడుగుపెడితే ఎవరూ కసరరో ఆ తాతలకు తెలుసు. చర్చి గుమ్మం వారిని ఆకర్షించినది బిస్కెట్టుతోనే అనుకోవడం ఆ తాతల బుద్ధిని అవమానించడం.

ఇక దానవిచారం. భగవద్గీత పదునేడవ అధ్యాయం దానాన్ని మూడుగా విభజిస్తుంది. తిరిగి ఉపకారం చేయలేనివానికి, ఇవ్వవలసినది గనుక, దేశకాలపాత్రములెరిగి ఇచ్చినది సాత్త్వికం. ప్రత్యుపకారాన్ని గాని ఫలాన్ని గాని ఉద్దేశించి ఇచ్చినది రాజసం. సత్కారం లేక, అవజ్ఞతో విసరినది తామసం. సాయంకాలపు తరగతిలో లెక్కలు చెప్పి, ఫలితంగా ఆ బిడ్డ బాప్తిస్మాన్ని లెక్కలో వేసుకొనే సంఘం రాజసదానం చేస్తున్నది. వార్షిక నివేదికలలో తలలు లెక్కించి దూరదేశపు దాతలకు పంపే అలవాటు ఉన్న చోట ఈ దోషం తప్పక ఉంటుంది. కాని అదే గీతాశాస్త్రాన్ని గ్రామం మీద ప్రయోగించితే ఏమి తేలుతుంది? పండుగనాటి మిగులు పదార్థాన్ని పెరటి గోడ మీదుగా పల్లె స్త్రీ కొంగులో పడవేసిన దానం ఏ కోవకు చెందినది? రాజసం కంటె తామసం హీనమని చెప్పిన గ్రంథమే ఇక్కడ సాక్షి.

రాజసదోషాన్ని క్రైస్తవులలోనే గుర్తించినవారు ఉన్నారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 నాటి ఘోరక్షామంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమంది మాదిగలకు కూలి కల్పించాడు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, క్షామం నడిచిన పదిహేను మాసాల పర్యంతం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ముగిసి, ఇక ఇచ్చేది ఏమీ లేదని తేలిన తరువాతనే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్యను క్రైస్తవులు గర్వంతోనూ, హిందువులు బాధతోనూ తలచుకుంటారు. దానికి ముందున్న పదిహేను మాసాల నిరీక్షణను ఇరువురూ అంతగా తలచుకోరు. నేటి బాలసేవకు అసలైన గీటురాయి ఆ పదిహేను మాసాలే. ట్యూషనుకు వచ్చే పిల్లవాడు ఆదివారం రాకపోయినా సోమవారం అతని చాప అక్కడే ఉంటుందా? వినాయకచవితి పందిరిలో అతడు కనబడితే మరునాడు పాఠం చెప్పే గొంతు మారకుండా ఉంటుందా? ఉన్నచోట ఆ దానాన్ని ఏ గీతాభ్యాసీ నిందింపలేడు. లేనిచోట, ఆ సంఘం తన పూర్వికుడైన క్లౌకే సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

బిడ్డ మనస్సు విషయంలో మాత్రం రాజీ కూడదు. ఏడేండ్ల బాలునికి నరకాగ్ని వర్ణించి, ఇంటిలో నానమ్మ మొక్కే దేవతను సైతానని చెప్పడం హింస. అహింస అంటే దేహాన్ని గాయపరచకపోవడం మాత్రమే కాదు. నానమ్మ పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు మొక్కుకున్న బిడ్డ ఆమె ముఖం చూడడానికి జంకితే అక్కడ తెగినది మతం కాదు, పేగు. ఈ విషయంలో రాజ్యాంగం కూడా స్పష్టంగా ఉన్నది. ప్రభుత్వ గుర్తింపో, సహాయమో పొందిన విద్యాసంస్థలో మైనరుకు సంరక్షకుని అనుమతి లేక మతబోధ చేయరాదని 28వ అధికరణం చెబుతుంది. మతప్రచార హక్కులో ఇతరుని మతం మార్చే హక్కు ఇమిడి లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. పేటలోని సాయంకాలపు తరగతి చట్టరీత్యా విద్యాసంస్థ కాకపోవచ్చు. అయినా తల్లిని అడిగి బిడ్డను పిలవడం అనే మర్యాదకు చట్టం అవసరం లేదు.

ఈ సందర్భంలో తరచుగా ఉదాహరింపబడే గీతావచనం ఒకటి ఉన్నది. పరధర్మం భయహేతువన్న ఆ మాటను క్రైస్తవం మీద గురిపెట్టడం ఉపన్యాసకులకు అలవాటయింది. అర్జునుడు యుద్ధం విడిచి భిక్షాటనం మేలనుకున్నప్పుడు, నీ స్వభావవిహితమైన కర్మను వదలవద్దని చెప్పిన ఘట్టం అది. అక్కడ ధర్మశబ్దానికి నేటి జనాభా లెక్కల పట్టికలోని మతం అన్న అర్థం లేదు. అసలు మతమంటే సంస్కృతంలో అభిప్రాయం, ఎంచబడినది అని. ఎంచుకొనే శక్తి లేని వయసులో బిడ్డకు ఉండగలిగినది సంస్కారమే గాని మతం కాదు. ఈ మాట చర్చికి ఎంత వర్తిస్తుందో, పదేండ్ల పిల్లవాని నొసట రాజకీయ రంగు పూసి ఊరేగింపులో నడిపించే వారికీ అంతే వర్తిస్తుంది.

ఒక్క సంగతి ప్రసక్తానుప్రసక్తం. ఆ చర్చిలో పిల్లలు పాడే కీర్తనలలో కొన్నింటి కర్త పురుషోత్తమ చౌధరి, 1803లో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించినవాడు. రాగతాళాలలో, తెలుగు కీర్తనఫణితిలో క్రీస్తును స్తుతించాడు. ఆ కీర్తన పాడే బాలుని గొంతులో పలికే రాగం పరాయిది కాదని గుర్తిస్తే సగం కోపం ఉపశమిస్తుంది.

హిందూ సమాజం ఏమీ చేయలేదనడమూ న్యాయం కాదు. మలయాళ స్వామి 1926లో ఏర్పేడు వద్ద వ్యాసాశ్రమం స్థాపించి, స్త్రీలకూ సర్వవర్ణాలకూ వేదాంతద్వారం తెరిచారు. అందుకు నిందలు కూడా సహించారు. 2007లో తిరుమల తిరుపతి దేవస్థానం దళిత గోవిందం పేరిట శ్రీవారి ఉత్సవమూర్తిని దళితవాడలకు వేంచేపు చేయించింది. ఆ సంకల్పం గొప్పది. కాని స్వామి ఒక సాయంకాలం వచ్చి వెళ్ళారు. పాస్టరు గారి భార్య ప్రతి సాయంకాలం అక్కడే ఉన్నది.

ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుని కథ అందరికీ తెలిసినదే. గోత్రం అడిగిన గురువుతో ఆ బాలుడు తల్లి చెప్పినదే చెప్పాడు, తన గోత్రం ఏదో ఆమెకు తెలియదని. హారిద్రుమత గౌతముడు ఆ సత్యవచనానికే మెచ్చి ఉపనయనం చేశాడు. ప్రవచనాలలో ఈ కథకు కరతాళధ్వనులు మ్రోగుతాయి. ఆ కథకు ఉత్తరభాగం మరొకటి ఉన్నది. గౌతముడు ఆ పిల్లవానిని మెచ్చుకొని పంపివేయలేదు, తన దగ్గర ఉంచుకున్నాడు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించి పని చెప్పాడు, తిరిగి వచ్చిన తరువాత ముఖం చూచి నీలో బ్రహ్మతేజస్సు కనబడుతున్నదని గుర్తుపట్టాడు. ముఖం చూచి గుర్తుపట్టాలంటే అంతకుముందు ఆ ముఖాన్ని శ్రద్ధగా చూచి ఉండాలి.

ప్రతి ఊరి రామాలయంలోనూ ఒక మండపం ఉంటుంది. గచ్చు నేల, ఫ్యాన్లు, ట్యూబులైట్లు, మంచినీటి కుళాయి. సంధ్యాహారతికి ముందూ వెనుకా అది ఖాళీగానే ఉంటుంది. పల్లె బిడ్డలు పుస్తకాల సంచులతో అక్కడికి వచ్చి కూర్చుంటే అర్చకస్వామి ఏమంటారు, ధర్మకర్తలు ఏమంటారు, వారి ఇండ్లలోని పెద్దలు ఏమంటారు అన్నది అనేక గ్రామాలలో ఇంకా ఎవరూ పరీక్షించి చూడలేదు. కావలసినది ఒక నల్లబల్ల, ఆ ఊరిలోనే డిగ్రీ చదువుతున్న ఒక యువతి, ఏ బిడ్డ ఏ ఆదివారం ఎక్కడికి వెళ్ళాడో అడగని ఒక నియమం. గుడి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఊరందరికీ తెలుసు.