తారకాసురుడు పడ్డాక

హాస్టల్ గదిలోనో మేడ మీద చాప పరుచుకునో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ మాట. మీ క్యాంపెయిన్ ఇరవయ్యో లెవెల్‌కి చేరింది. పుస్తకంలో ఆపైన లెవెల్ లేదు. చివరి డ్రాగన్‌ని కూల్చేసి, క్యారెక్టర్ షీట్లు అటకెక్కించి, మళ్లీ ఒకటో లెవెల్ నుంచి కొత్త కథ మొదలెడదామనుకుంటున్నారు. వద్దు. ఇంతవరకూ మీ వీరులకు బలం సంపాదించడమే పని. అంత బలం చేతికొచ్చాక ఏం చేస్తావని వాళ్లను ఇంకా ఎవరూ అడగలేదు.

మన ఊళ్ల కథే చూడండి. తారకాసురుడి మెడలో అమృతలింగం ఉన్నంతకాలం అతనికి చావు లేదు. కుమారస్వామి ఆ లింగాన్ని అయిదు ముక్కలు చేసి అతన్ని చంపాడు. చాలా క్యాంపెయిన్లు సరిగ్గా ఇక్కడే ముగుస్తాయి: పెద్ద రాక్షసుడు పడ్డాడు, అందరూ కేకలు వేశారు, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. మన స్థలపురాణం మాత్రం అక్కడ ఆగలేదు. పడిన ముక్కలు పెరగడం మొదలెట్టాయి. దేవతలు పరుగున వచ్చి, పడినచోటే ఒక్కోదాన్నీ ప్రతిష్ఠించాల్సి వచ్చింది. ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం గునుపూడి, పాలకొల్లు, కృష్ణ ఒడ్డున అమరావతి. అయిదింట్లో నాలుగు మన గోదావరి సీమవే. సామర్లకోటలో లింగం కింది అంతస్తు దాటి పైఅంతస్తులోకి వచ్చింది. ఇంకా పెరుగుతుంటే నెత్తిన మేకు కొట్టి ఆపారని అక్కడ చెబుతారు. గెలిచినవాడి ఆయుధమే తెచ్చిపెట్టిన చిక్కు అది. దాన్ని మరో ఆయుధంతో విప్పలేరు. మీ ఇరవయ్యో లెవెల్ తర్వాతి మొదటి సెషన్ ఇలాగే ఉండాలి.

లెవెల్ హద్దు దాటాలన్న కోరిక కొత్తదేమీ కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చారు. పదేళ్లకు, 1984లో, ఫ్రాంక్ మెంట్జర్ కంపానియన్ పెట్టెలో వీరుల చేతికి రాజ్యాలు అప్పగించాడు. పన్నులూ, పాలకుడి మీద జనం నమ్మకమూ పాచికల లెక్కలోకి వచ్చాయి. తర్వాతి పెట్టె 36వ లెవెల్ దాకా తీసుకెళ్లింది. 1986లో వచ్చినదైతే వీరులను అమరులనే చేసింది. మూడో ఎడిషన్ వాళ్లు 2002లో ఎపిక్ లెవెల్ హ్యాండ్‌బుక్ తెచ్చారు. ఇరవై దాటాక దాడి బోనస్ అందరికీ ఒకే వేగంతో పెరగాలని అందులో నియమం మార్చారు. లేకపోతే యోధుడికీ మాంత్రికుడికీ మధ్య తేడా పెరిగి పెరిగి, ఒకరు ఎంత వేసినా తగులుతుంది, ఇంకొకరు ఎంత వేసినా తగలదు. ఇరవై ముఖాల పాచిక ఊరికే దొర్లుతుంది. పాచిక చేతిలోంచి జారే క్షణంలో గుండె దడదడలాడకపోతే అది ఆటే కాదు. అందుకే ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ అంకెలు పెంచుకుంటూ పోకండి.

2014 నాటి అయిదో ఎడిషన్ చూపించిన దారి నాకు నచ్చింది. 3,55,000 అనుభవ పాయింట్లకు ఇరవయ్యో లెవెల్ వస్తుంది. ఆపైన ప్రతి 30,000కీ లెవెల్ బదులు ఒక ఎపిక్ బూన్ ఇవ్వవచ్చు. ఆ వరాలు మీ వీరులకు ఇవ్వండి, శత్రువులకూ ఇవ్వండి. అంతర్వేది కథలో రక్తవిలోచనుడికి ఉన్న వరం గుర్తుందా? అతని నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారు. మీ మాంత్రికురాలు మీటియర్ స్వార్మ్ కురిపించేకొద్దీ శత్రుసైన్యం పెరుగుతుందన్నమాట. నరసింహస్వామి అంతటివాడికి కూడా, నెత్తురు నేల తాకకుండా చూసే శక్తి తోడు కావలసి వచ్చింది. ఇన్నాళ్లూ వెనక నిలబడి గాయాలు మాన్పిన మీ క్లెరిక్, ఆ రోజు అందరికన్నా ముందు నిలబడాలి.

ఇంకో సెషన్ చెబుతాను, రాసుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు, మొదటి హెచ్చరిక. 13.75, రెండోది. 17.75, మూడోది. మీ మాంత్రికురాలికి టైమ్ స్టాప్ వచ్చు. మహా అయితే అయిదు టర్న్‌ల పాటు కాలాన్ని నిలబెడుతుంది. ఏటిగట్టు మాత్రం సముద్రం దాకా ఉంది. ఒక పాయకు అడ్డం పడితే ఆ నీరు రెండో పాయ మీదికి పోతుంది. ముందు ఏ లంకను ఖాళీ చేయించాలి? పాడిగేదెను వదిలి రానంటున్న మామ్మగారిని ఏ మంత్రంతో ఒప్పిస్తారు? 1986 ఆగస్టు వరదను చూసినవాళ్లు మీ ఇళ్లలోనే ఉన్నారు, అడగండి. పడవ ఎక్కడ దొరికింది, ఎవరి మేడ మీద ఎన్ని కుటుంబాలు తలదాచుకున్నాయి, నీళ్లు తీశాక మొదట ఏం చేశారు. వాళ్లు చెప్పేది ఏ మాన్‌స్టర్ మాన్యువల్‌లోనూ దొరకదు.

వరద తీశాక ఆనకట్ట. 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేసిన పాత ఆనకట్ట కథ మన ముందే ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. కట్టించిన కాటన్ పేరు అందరికీ తెలుసు, ఆయన పక్కన పనిచేసిన వీణం వీరన్న పేరు కొందరికి తెలుసు, రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. డ్రాగన్ గుహలో దొరికిన నిధిని మీ పార్టీ ఇలాంటి పనికి ఖర్చుపెట్టనివ్వండి. అయిదేళ్లు ఒక్క సాయంత్రంలో గడిచిపోవాలి. మధ్యలో కూలీలు పని మానేసి కూర్చోవాలి, కత్తి దూయకుండా వాళ్లతో మాట్లాడి రావాలి.

"మా డంజియన్ మాస్టర్‌కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందండీ, ఆట ఆగిపోయింది" అంటారు మీలో కొందరు. రాజమండ్రిలో నన్నయ మొదలెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ తర్వాతి శతాబ్దంలో ఎర్రన వచ్చి మధ్యలో మిగిలినది పూరించాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. మీకు ఫోన్లున్నాయి, ఒకరి కథ ఇంకొకరు అందుకోలేరా?

అదే రాజమండ్రిలో మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు రాశారు. యతి, పశువుల కాపరి కుర్రాడు కాశీకి నడిచిపోతుంటారు. మజిలీ చేరిన చోటల్లా కుర్రాడి కంట ఏదో వింత పడుతుంది, దాని కథ చెప్పమని పట్టుబడతాడు. దారి ఒక్కటే, కథలు ఎన్నో. మీరూ అలా పంచుకోండి. ఒక్కో మజిలీ ఒక్కొక్కరిది, ఆ మజిలీకి వాళ్లే డంజియన్ మాస్టర్. రెండు మజిలీల మధ్య కథలో ఒక పుష్కరం గడవనివ్వండి. పన్నెండేళ్లలో వీరుడి జుట్టు నెరుస్తుంది, శిష్యురాలు గురువును మించుతుంది, కట్టిన గట్టుకు గండి పడుతుంది.

సంక్రాంతికి అందరూ ఊరొస్తారు కదా. కనుమ నాడు కూర్చోండి. తెలుగులోనే ఆడండి, మీ అమ్మమ్మ పక్కన కూర్చున్నా అర్థమయ్యేలా. మొదటి మజిలీ ఎవరిదో చీటీలు వేసి తేల్చుకోండి. చీటీ ఎవరి పేరు మీద వస్తే వాళ్లు తమ ఊరి గుడి కథో, రేవు కథో ఒకటి పట్టుకొచ్చి ఆట నడపాలి. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. ఆలోగా మూడు మజిలీలైనా దాటండి.