మెలికను లాగితే బిగుస్తుంది

"ఎనుము ఈనలేకుంటే దూడకాళ్ళకు పగ్గమేసి నలుగురు లాగితే సరి, డాక్టరెందుకు?" హచ్చొళ్ళి ఊరి కట్టమీద ఈ మాట అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇందులో పావువంతు నిజముంది, అందుకే ప్రమాదం. ముందుకాళ్ళు, తల సరిగ్గా దారిలోకొచ్చిన దూడకు కాస్త సాయం చాలు. కానీ ఎనుముకు ఈత కష్టమయ్యే ముఖ్య కారణాల్లో గర్భసంచి మెలిక ఒకటి. అప్పుడు నొప్పులొచ్చి పోతాయి, ఉమ్మనీటి బుడగ కనబడదు. లోపల దారే ముడిపడి ఉంటే లాగి ఏం లాభం?

"దొర్లిస్తే విడిపోతుంది, మా తాత చేసేవాడు" అంటారు. నిజమే, దొర్లించడమే వైద్యం. అయితే ఏ వైపుకు? డాక్టరు చెయ్యిపెట్టి మెలిక దిక్కు కనుక్కుంటాడు. పశువును ఆ వైపు పడుకోబెట్టి, డొక్కమీద పలక అదిమిపట్టి, మెలిక తిరిగిన దిక్కుకే మెల్లగా దొర్లిస్తారు. పలక గర్భసంచిని కదలనివ్వదు, ఒళ్ళు తిరిగి దాన్ని అందుకుంటుంది. దిక్కు తప్పితే మెలిక ఇంకా బిగుస్తుంది. అలా విడకపోతే ఆపరేషనే.

మాయ పడకుంటే రాయో చెప్పో కట్టడం ఇంకో తెలివి. ఆవు, ఎనుముల మాయ గర్భసంచికి గుండీలు పెట్టినట్టు అతుక్కుంటుంది. బరువు గుండీ విప్పదు, గుడ్డ చింపుతుంది. చిరిగిన ముక్క లోపలే కుళ్ళుతుంది. ఈనిన 12 గంటలకూ మాయ పడకుంటే డాక్టరుకు చూపించాలి. ఉత్త చేతులతో తాకితే బ్రూసెల్లోసిస్ మనిషికీ అంటొచ్చు.

ఒంటెలకు, లామాలకు, అల్పాకాలకు ఈ గుండీలుండవు. వాటి మాయ గర్భసంచి లోపలంతా పరుచుకుని అంటి ఉండి, కాన్పులో త్వరగా ఊడుతుంది. అందుకే ఈత అడ్డంపడితే పిల్లకు గడువు చాలా తక్కువ. మన ఎనుము దూడకు కాస్త ఎక్కువ గడువుంది. దాన్నే మనం పగ్గాల దగ్గర పారబోస్తున్నాం.

డాక్టరు వేళకు దొరకడన్న ఫిర్యాదును మాత్రం కొట్టిపారేయలేను. ఆ కోపం పంచాయితీలో, తాలూకా ఆఫీసులో చూపాలి, ఎనుము మీద కాదు. గట్టి నొప్పులు పడి రెండు గంటలైనా ఏదీ బయటికి రాకుంటే పగ్గం పక్కనపెట్టి పశువైద్య బండి నంబరు 1962కు ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు చేయదగ్గ గొప్ప పని, ఎవరినీ లాగనివ్వకపోవడమే.